డిమెన్షియా ఉన్నవారి స్నానం, టాయిలెట్, శుభ్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవారిని ఇంట్లో చూసుకునేవాళ్ళకి అన్నిటికంటే కష్టమనిపించేది బాత్రూం పని. ఎవరిని అడగాలో తెలియక, అడగడానికి మొహమాటపడి చాలామంది లోలోపలే నలిగిపోతారు. అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఇక్కడ దశలవారీగా పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## మొదటి దశ: అలవాట్లు తప్పుతున్నప్పుడు

స్నానం చేశానంటారు, కానీ చేయలేదని తెలిసిపోతోంది. అబద్ధం చెబుతున్నారా?

అబద్ధం కాదు. ఏళ్ళ తరబడి రోజూ చేసిన పని కాబట్టి ఇవాళా చేశాననే అనుకుంటారు. కొందరికి చేయాలని తెలుసు, మొదలుపెట్టే చొరవే ఉండదు. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జైమర్స్‌లో వాసన పట్టే శక్తి కూడా తొందరగా తగ్గుతుంది, అందుకే తమ ఒంటి వాసన తమకు తెలియదు. "చేయలేదు కదా" అని రుజువు చేయబోతే గొడవే మిగులుతుంది. ఆ వాదనలోకి దిగకుండా, "నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి, తువ్వాలు ఇదిగో" అని పనిలోకి తీసుకెళ్ళండి. ఉతికిన బట్టలు వేసుకునే వరసలో పెట్టి, విడిచినవి వెంటనే కంటికి కనపడకుండా తీసేయండి. లేకపోతే మళ్ళీ అవే వేసుకుంటారు.

రోజూ పూర్తి స్నానం చేయించాల్సిందేనా?

అక్కర్లేదు. వారానికి రెండు మూడు సార్లు పూర్తి స్నానం ఆరోగ్యానికి సరిపోతుంది. వయసు మళ్ళిన చర్మానికి అతి స్నానం వల్ల పొడిబారడం, దురద వస్తాయి. తప్పకుండా రోజూ శుభ్రం కావలసినవి కొన్నే: ముఖం, చేతులు, చంకలు, రొమ్ముల కింది మడతలు, గజ్జలు, జననాంగాలు, పిర్రల మధ్య, కాలివేళ్ళ సందులు. తడి గుడ్డతో పది నిమిషాల పని. మూత్రం, మలం అంటినప్పుడు మాత్రం రోజుకి ఎన్నిసార్లయినా వెంటనే కడగాలి. ఈ తేడా తెలిస్తే ఇంట్లో సగం పోట్లాటలు ఆగిపోతాయి.

బాత్రూంలో ముందుగా ఏమేం మార్చాలి?

పడిపోకుండా చూడటం మొదటి పని. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడలోకి బోల్టులతో బిగించిన పట్టుకునే రాడ్లు పెట్టించండి. తువ్వాలు ఆరేసే రాడ్ మనిషి బరువు ఆపదు, పట్టుకోగానే ఊడి వస్తుంది. వాక్యూమ్‌తో అతుక్కునే రాడ్లనూ నమ్మవద్దు. స్నానానికి నాలుగు కాళ్ళకీ రబ్బరు తొడుగులున్న కుర్చీ వేయండి, వీపు ఆనించుకునేది అయితే మంచిది.

తర్వాతది రంగు. ఈ జబ్బులో తెల్ల గోడ ముందు తెల్ల కమోడ్ కంటికి విడిగా ఆనదు, అందుకే పక్కన కూర్చుంటారు లేదా బయట పోస్తారు. ఎరుపో ముదురు నీలమో సీటు వేయిస్తే చాలా తేడా కనిపిస్తుంది. నేల మీద నల్ల మ్యాట్ వేయకండి, అది గొయ్యిలా కనిపించి కాలు వేయడానికి భయపడతారు. మెరిసే టైల్స్ తడిలా కనిపిస్తాయి. మ్యాట్ నేల రంగుకి దగ్గరగా ఉండి, జారకుండా అతుక్కోవాలి.

ఫినాయిలు, యాసిడ్, బ్లీచింగ్, రేజర్లు, మందులు తాళం వేసిన అరలోకి వెళ్ళాలి. షాంపూని తాగే ద్రవమనుకునే దశ చెప్పకుండా వస్తుంది.

లోపల గడియ పెట్టేసుకుంటున్నారు. ఏం చేయాలి?

లోపలి గడియ తీసేయండి, లేదా బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే తాళం పెట్టించండి. తలుపు ఏ వైపుకి తెరుచుకుంటుందో కూడా చూడండి. లోపలికి తెరుచుకునే తలుపైతే, పడిపోయిన మనిషే దానికి అడ్డమై మీరు వెళ్ళలేరు. వడ్రంగితో బయటికి తెరుచుకునేలా మార్పించవచ్చు. ఏకాంతం పోతుందని బాధపడితే తలుపు లోపల ఒక కర్టెన్ వేయండి.

నీళ్ళు ఎంత వేడి ఉండాలి?

ఒంటి మీద పోసే నీళ్ళు 37 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య. బకెట్‌లోనైతే చేత్తో కలిపి, మోచేత్తో చూడండి, థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. కొళాయి దగ్గర నీళ్ళు 49 డిగ్రీలు దాటకుండా గీజర్‌ను సర్దించండి. 60 డిగ్రీల నీళ్ళు కొన్ని సెకన్లలోనే కాలుస్తాయి. డిమెన్షియా ఉన్నవారు కాలుతోందని గుర్తించి వెనక్కి తగ్గడానికి ఆలస్యమవుతుంది, కొందరు చెప్పలేరు కూడా.

పళ్ళు తోముకోవడం మానేశారు. మనం ఎలా తోమించాలి?

బ్రష్ మీద బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్ట్ వేసి చేతికివ్వండి. పక్కనే నిలబడి మీరూ తోముకుంటే చూసి అనుసరిస్తారు. అదీ కుదరకపోతే వారి చేయి బ్రష్ పట్టుకుని ఉండగా మీ చేయి కింది నుంచి ఆనించి కదిలించండి. చేయి వారిదే కదులుతున్నట్టు ఉంటుంది కాబట్టి ప్రతిఘటన తగ్గుతుంది. కట్టుడు పళ్ళు రాత్రిపూట తీసి, తోమి, చల్లని నీళ్ళలో ఉంచండి. వేడినీళ్ళకి వాటి ఆకారం పాడవుతుంది. వాటిని శుభ్రపరిచే బిళ్ళలు అందుబాటులో ఉంచకండి, మందు బిళ్ళలనుకుని మింగితే ప్రమాదం.

## మధ్య దశ: మన చేయి పడాల్సినప్పుడు

స్నానం అనగానే కేకలు పెడుతుంది, కొట్టడానికి వస్తుంది. అమ్మ ఎప్పుడూ ఇలాంటిది కాదు.

ఇప్పుడూ కాదు. ఎవరో బట్టలు విప్పుతున్నారు, చలేస్తోంది, తల మీద నీళ్ళు పడుతున్నాయి, ఎందుకో అర్థం కావడం లేదు. ఆ పరిస్థితిలో ఎవరైనా తమను తాము కాపాడుకోవడానికే చూస్తారు. అందుకే ముందు కారణం వెతకండి. కీళ్ళనొప్పులుంటే చేయి ఎత్తినప్పుడల్లా అరుస్తారు. స్నానానికి అరగంట, ముప్పావుగంట ముందు నొప్పి మందు ఇవ్వవచ్చేమో డాక్టర్‌ని అడగండి. మీరు స్వెటర్ వేసుకోవాల్సిన గదిలో వారికి స్నానం వద్దు. గది ముందే వెచ్చబడాలి, తువ్వాళ్ళు చేతికందాలి.

పద్ధతి ఇది. కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద ఒక తువ్వాలు, ఒడిలో ఒకటి కప్పండి. కడిగే భాగం వరకే తువ్వాలు తొలగించి, కడిగి, మళ్ళీ కప్పండి. తడిసినా ఫరవాలేదు, అదే వెచ్చదనం ఇస్తుంది. నీళ్ళు పాదాల నుంచి మొదలుపెట్టి పైకి రండి. హ్యాండ్ షవర్ ధార తక్కువగా పెట్టి, ఒంటికి ఆనించినట్టే పట్టుకోండి. ముఖం, తల చివర్లో. తల కడగడమే గొడవకి కారణమైతే దాన్ని వేరే రోజుకి మార్చండి. వారి చేతిలో ఒక చిన్న గుడ్డ పెట్టండి. చేతికి పని ఉంటే మిమ్మల్ని పట్టుకోవడం, గిచ్చడం తగ్గుతాయి.

మాట్లాడేటప్పుడు ఒక్కసారి ఒక్క పనే చెప్పండి: "కుడిచేయి ఇవ్వమ్మా." "స్నానం చేస్తావా?" అని అడిగితే "వద్దు" అనే వస్తుంది. గట్టిగా వద్దంటే ఆపేసి, పదిహేను ఇరవై నిమిషాల తర్వాత వేరే మాటతో రండి. బలవంతంగా ముగించిన స్నానం ఎలా జరిగిందో గుర్తుండకపోవచ్చు కానీ భయం మిగిలిపోతుంది, రేపు బాత్రూం తలుపు దగ్గరే ఆగిపోతారు.

మా మామగారు నా చేత శుభ్రం చేయించుకోవడానికి ఒప్పుకోవడం లేదు. ఆయన సిగ్గుని ఎలా గౌరవించాలి?

ఆయనకు నప్పే మనిషిని వెతకండి: కొడుకు, సహాయకుడు, నర్సు. చాలామంది ఇంటివాళ్ళకంటే యూనిఫాం వేసుకున్న మనిషిని తేలిగ్గా ఒప్పుకుంటారు. తప్పనిసరిగా మీరే చేయాల్సి వస్తే ఒళ్ళంతా కప్పి ఉంచి, చేయగలిగిన భాగం ఆయన చేతే చేయించండి: సబ్బు రాసిన గుడ్డ ఇచ్చి "ఇక్కడ మీరే కడుక్కోండి మామయ్యగారూ" అని ముఖం పక్కకు తిప్పుకోండి. సరిగా అంటని చోట తర్వాత ఒక్క తుడుపు మీరు తుడిస్తే చాలు. వాసన గురించి, మరకల గురించి పక్కవాళ్ళ ముందు మాట్లాడవద్దు. మాట అర్థం కాకపోయినా ముఖకవళికలు అర్థమవుతాయి.

చెత్తబుట్టలో, గది మూలన మూత్రం పోస్తున్నారు. కావాలనే చేస్తున్నారా?

కాదు. ఆపుకోలేని స్థితిలో కంటికి ఏది కమోడ్‌లా అనిపిస్తే అక్కడే పోస్తారు. గుండ్రంగా, లోతుగా ఉన్న బుట్టలు, కుండీలు ఆ దారిలోంచి తీసేయండి. టాయిలెట్ తలుపు తెరిచే ఉంచి, లైటు వేసి, కమోడ్ మంచం మీంచో కుర్చీలోంచో కనిపించేలా చేయండి. తలుపు మీద పెద్ద బొమ్మ, కింద ఒక మాట రాసి అతికించండి, కంటి ఎత్తుకంటే కొంచెం కిందగా. వయసైనవారు నేల చూస్తూ నడుస్తారు. నాడాలు, జిప్పులు, బెల్టులకు బదులు ఎలాస్టిక్ నడుము బట్టలు వేయండి. చాలా "ప్రమాదాలు" కమోడ్ ముందే, ముడి విప్పలేక జరుగుతాయి.

టాయిలెట్‌కి ఎంతసేపటికొకసారి తీసుకెళ్ళాలి?

రెండు గంటలకొకసారి మొదలుపెట్టండి. మూడు రోజులు ఒక కాగితం మీద ఎప్పుడు వెళ్ళారో, ఎప్పుడు తడిశారో, ఏం తాగారో రాస్తే ఆ మనిషి గడియారం మీకు తెలుస్తుంది. దాన్ని బట్టి సమయాలు మార్చండి. నిద్ర లేవగానే, పడుకునే ముందు, బయటికి వెళ్ళే ముందు తప్పనిసరి. విరేచనానికి తిన్న ఇరవై ముప్పై నిమిషాల తర్వాత మంచి సమయం, కడుపు నిండగానే పెద్దపేగు కదులుతుంది కాబట్టి. చెప్పలేనివారు ఒళ్ళు చూపించి చెబుతారు: అటూ ఇటూ తిరగడం, బట్ట లాక్కోవడం, ఉన్నట్టుండి చిరాకు.

కమోడ్ మీద కూర్చుంటారు కానీ రాదంటారు. లేచిన ఐదు నిమిషాలకే బట్టల్లో పోతుంది.

ఎందుకు కూర్చున్నారో మధ్యలోనే మర్చిపోతారు. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. గాల్లో ఉంటే పొట్ట బిగుసుకుంటుంది, పడతామనే భయం కూడా. విరేచనానికి కాళ్ళ కింద చిన్న పీట వేసి కొంచెం ముందుకు వంగమంటే సులువు. లేచే ముందు ఆ పీట తీసేయండి. కొళాయి నీళ్ళ చప్పుడు, ఒక గ్లాసు నీళ్ళు తాగించడం కొందరికి పనిచేస్తాయి. ఐదు పది నిమిషాలు ఇవ్వండి, అంతకు మించి కూర్చోబెట్టవద్దు. ఎదురుగా నిలబడి చూస్తుంటే ఎవరికీ రాదు, తలుపు పక్కకి తప్పుకోండి. మగవారిని కూర్చునే మూత్రం పోయమంటే నేల తడవదు, పడే ప్రమాదమూ తగ్గుతుంది.

నీళ్ళు తక్కువ ఇస్తే మూత్రం సమస్య తగ్గుతుందా?

తగ్గదు, పెరుగుతుంది. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని రేపుతుంది, ఇన్ఫెక్షన్, మలబద్ధకం, గందరగోళం తోడవుతాయి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టర్ పరిమితి పెట్టకపోతే రోజుకి సుమారు లీటరున్నర ద్రవాలు అవసరం. ఎక్కువ భాగం పగలే ఇచ్చి, పడుకునే రెండు గంటల ముందు నుంచి తగ్గించండి. కాఫీ, టీ సాయంత్రం మానితే రాత్రి తేడా ఉంటుంది.

నిన్నటిదాకా బాగానే ఉన్నారు, ఉన్నట్టుండి బట్టల్లో పోతున్నారు. జబ్బు ముదిరిందా?

ఒకటి రెండు రోజుల్లో వచ్చిన మార్పు సాధారణంగా డిమెన్షియా ముదరడం కాదు, వేరే కారణం వెతకాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలం గడ్డకట్టడం, కొత్త మందు, షుగర్ పెరగడం, మగవారిలో ప్రోస్టేట్ వాపు చూడాల్సినవి. వయసైనవారిలో ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండా కేవలం గందరగోళంగా, మగతగా బయటపడవచ్చు. అయితే పరీక్షలో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరం కాదు, లక్షణాలు కూడా ఉండాలి. ఎనిమిది గంటలుగా చుక్క మూత్రం రాకపోయినా, రక్తం కనిపించినా, పొత్తికడుపు ఉబ్బినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

వాడుతున్న మందుల వల్ల కూడా ఇలా అవుతుందా?

అవుతుంది. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ లాంటి జ్ఞాపకశక్తి మందులు కొందరికి విరేచనాలు, మూత్రం ఆపుకోలేకపోవడం తెస్తాయి. దానికి విరుగుడుగా ఆక్సీబ్యుటినిన్ మొదలుపెడితే అది గందరగోళాన్ని పెంచవచ్చు. ఒక మందు దుష్ఫలితానికి ఇంకో మందు వేయడం ఇలాగే మొదలవుతుంది. జలుబు బిళ్ళల్లోని క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాన్ని ఆపేయగలదు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్రూసెమైడ్ సాయంత్రం ఇస్తే రాత్రంతా లేస్తారు. సొంతంగా ఏదీ ఆపకండి, మందుల జాబితా మొత్తం డాక్టర్‌కి చూపించండి.

మలాన్ని చేత్తో తీసి గోడలకి, దుప్పటికి పూస్తున్నారు. తట్టుకోలేకపోతున్నాం.

ఇది చూసుకునేవాళ్ళని లోపల నుంచి విరిచేసే విషయం. మీరొక్కరే కాదు ఇలా పడుతున్నది. వారికి అది మలమని తెలియదు. ఏదో ఇబ్బందిగా తగిలింది, తీశారు, చేతికి అంటింది, తుడుచుకున్నారు. మలబద్ధకంతో అడ్డుపడిన మలం, పురుగుల వల్ల లేదా ఒరుపు వల్ల దురద, తడి డైపర్‌లో ఎక్కువసేపు ఉండటం అసలు కారణాలు. రోజూ ఒకే వేళ టాయిలెట్‌లో విరేచనం అయిపోయేలా చూస్తే చేతికి అందేది ఉండదు.

గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. చేతులకి ఏదో ఒక పని ఇవ్వండి, మడతపెట్టే గుడ్డలైనా సరే. వెనక జిప్పు ఉన్న ఒంటిముక్క బట్టలు కొందరికి ఉపయోగం, కానీ కారణం చూడకుండా వాటినే నమ్ముకుంటే నొప్పి లోపలే ఉండిపోతుంది. జరిగినప్పుడు తిట్టకుండా ముందు వారి చేతులు, గోళ్ళ సందులు, నోరు శుభ్రం చేయండి. గోడ తర్వాత.

ఏ డైపర్ కొనాలి? ఎందుకు పక్కల నుంచి కారుతోంది?

నడవగలిగేవారికి ప్యాంట్ రకం. లోదుస్తుల్లా ఉంటుంది కాబట్టి ఒప్పుకుంటారు, తామే కిందికి లాగుకోగలరు. మంచం మీద ఉన్నవారికి టేపు రకం. సైజు నడుము, తుంటి చుట్టుకొలతల్లో ఏది ఎక్కువైతే దాన్ని బట్టి. ఎక్కువ పీలుస్తుందని పెద్ద సైజు కొనడమే కారడానికి మొదటి కారణం, తొడ దగ్గర ఖాళీ వస్తుంది. తొడల దగ్గరి కుచ్చులు లోపలికి ముడుచుకుపోతే వేలితో బయటికి తీయండి. మగవారిలో పురుషాంగం కిందికి ఉండేలా సర్దకపోతే పైనుంచి తడుస్తుంది. రెండు డైపర్లు ఒకదాని మీద ఒకటి వేయడం వృథా, లోపలిదాని అడుగు ప్లాస్టిక్ కాబట్టి తడి రెండోదానికి చేరదు.

"డైపర్" అనే మాట నచ్చకపోతే వారితో అనకండి. "కొత్త ప్యాంటు" చాలు.

విరేచనం తర్వాత సరిగ్గా ఎలా శుభ్రం చేయాలి?

చేతి తొడుగులు వేసుకుని, ముందు మలాన్ని పొడి కాగితంతో తీసేయండి. తర్వాత గోరువెచ్చని నీళ్ళు, ఘాటు లేని క్లెన్సర్. మామూలు సబ్బు క్షారం, ఇప్పటికే తడికి నానిన చర్మాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. ఆడవారికి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే, ప్రతి తుడుపుకీ గుడ్డ శుభ్రమైన వైపు తిప్పుతూ. మగవారికి ముందు చర్మం సులువుగా వెనక్కి వస్తేనే మెల్లగా లాగి కడిగి, తప్పకుండా మళ్ళీ ముందుకి తేవాలి. అలాగే వదిలేస్తే బిగుసుకుని వాస్తుంది, అది అత్యవసరం. రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. జింక్ ఆక్సైడ్ లేదా పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి. మందంగా పులిమితే డైపర్ తడి పీల్చుకోలేదు. పౌడర్ వద్దు, మడతల్లో ఉండకట్టి ఒరుస్తుంది.

బాత్రూంలో ఎవరో ఉన్నారని వెళ్ళనంటున్నారు.

అద్దం. తమ ప్రతిబింబాన్ని గుర్తుపట్టలేక పరాయి మనిషి చూస్తున్నాడనుకుంటారు. గుడ్డ కప్పండి లేదా తీసేయండి.

ఎంత కడిగినా మూత్రం వాసన పోవడం లేదు.

వాసన నేలలో కాదు, టైల్స్ సందుల్లో, కమోడ్ అడుగు అంచున, పరుపులో, చెక్క తలుపు కింది అంచున ఉంటుంది. పరుపుకి, సోఫాకి వాటర్‌ప్రూఫ్ కవరు ముందే వేయండి. మరకకి ఎంజైమ్ ఉన్న క్లీనర్ పోసి సీసా మీద చెప్పినంతసేపు తడిగా ఉంచాలి, వెంటనే తుడిస్తే పనిచేయదు. బ్లీచ్‌ను మూత్రం మీద నేరుగా పోయకండి, యాసిడ్ టాయిలెట్ క్లీనర్‌తో ఎప్పుడూ కలపకండి, రెండు సందర్భాల్లోనూ విషవాయువులు పుడతాయి.

రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తున్నారు. పడిపోతారేమోనని భయం.

మంచం నుంచి టాయిలెట్ దాకా నేల దగ్గర చిన్న రాత్రిదీపాలు పెట్టండి, దారిలో చాపలు, వైర్లు తీసేయండి. దూరమైతే మంచం పక్కన కమోడ్ కుర్చీ, చక్రాలకి బ్రేకులు వేసి. మగవారికి మూతున్న యూరిన్ సీసా. సాయంత్రం కాళ్ళ వాపు ఉన్నవారు మధ్యాహ్నం గంటసేపు కాళ్ళు ఎత్తి పడుకుంటే ఆ నీరు పగలే మూత్రంగా పోతుంది, రాత్రి లేవడం తగ్గుతుంది.

## చివరి దశ: మంచం మీదే అన్నీ అయినప్పుడు

మంచం మీద స్నానం ఎలా చేయించాలి?

రెండు బేసిన్లు, ఆరు ఏడు చిన్న గుడ్డలు, రెండు పెద్ద తువ్వాళ్ళు ముందే పెట్టుకోండి. ఫ్యాన్ ఆపి, తలుపు మూయండి. కళ్ళు సబ్బు లేకుండా, ముక్కు వైపు నుంచి బయటికి, కంటికో గుడ్డ చొప్పున. తర్వాత ముఖం, మెడ, చేతులు, ఛాతీ, పొట్ట, కాళ్ళు, పక్కకి తిప్పి వీపు. జననాంగాలు, పిర్రలు చివర్లో, కొత్త నీళ్ళు, కొత్త గుడ్డతో. కడగనక్కర్లేని క్లెన్సర్ వాడితే సగం సమయం, సగం చలి తప్పుతాయి. వీపు కడిగేటప్పుడే తోక ఎముక, తుంటి, మడమలు చూడండి, పుండ్లు అక్కడే మొదలవుతాయి.

పిర్రల దగ్గర ఎర్రబడింది. డైపర్ ఒరుపా, పడక పుండా?

వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తప్రసరణ ఉంది. నొక్కినా ఎరుపు పోకపోతే, అదీ ఎముక మీద గుండ్రంగా ఉంటే, పడక పుండు మొదటి మెట్టు. ముదురు చర్మం మీద ఎరుపు కనిపించకపోవచ్చు, చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో మెత్తగానో ఉందేమో తాకి చూడండి. తడి తగిలిన చోటంతా, మడతల్లో పరుచుకుని మండుతుంటే ఒరుపు. చుట్టూ చిన్న ఎర్ర చుక్కలుంటే ఫంగస్. ఒరుపుకి తరచు మార్చడం, రక్షణ క్రీమ్. పడక పుండుకి ఒత్తిడి తీసేయడమే మందు: సుమారు రెండు గంటలకొకసారి పక్క మార్చండి, మడమలు గాల్లో ఉండేలా పిక్కల కింద దిండు పెట్టండి. ఎర్రబడిన చోట మర్దన చేయవద్దు. చర్మం తెగితే నర్సుకి చూపించండి.

నీళ్ళలా విరేచనాలు కారుతున్నాయి, పొట్ట మాత్రం గట్టిగా ఉంది. విరేచనాల మందు వేయాలా?

వేయకండి. ఇది మలబద్ధకమే కావచ్చు: గట్టిపడిన మలం అడ్డుపడితే దాని పక్క నుంచి నీళ్ళు మాత్రమే జారతాయి. ముందు మూడు రోజులుగా సరిగ్గా విరేచనం కాలేదేమో గుర్తు తెచ్చుకోండి. విరేచనాలు ఆపే మందు ఆ అడ్డుని బిగిస్తుంది. డాక్టర్ పరీక్ష చేసి ఎనిమానో మెత్తపరిచే మందో ఇస్తారు. వేలితో తీయడానికి మీరు ప్రయత్నించవద్దు.

డైపర్ల బాధ లేకుండా యూరిన్ పైపు వేయించేయవచ్చా?

శుభ్రత సులువు కావడానికి మాత్రమైతే వద్దని మా అభిప్రాయం. రోజులు గడిచేకొద్దీ ఇన్ఫెక్షన్ దాదాపు తప్పదు. పైగా అదేమిటో తెలియక లాగేసుకుంటారు, పైపు జారిపోకుండా లోపల పట్టి ఉంచే బుడగ ఉబ్బి ఉండగా లాగితే రక్తస్రావం. మూత్రం ఆగిపోయినప్పుడు, మానని పుండు తడవకూడనప్పుడు వేయాల్సి రావచ్చు. వేస్తే సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి కానీ నేలకి తగలకూడదు. పైపుని తొడకి అతికించి, బయటి భాగాన్ని రోజూ ఒంటి వైపు నుంచి దూరంగా తుడవండి. సంచి మూడింట రెండు వంతులు నిండకముందే ఖాళీ చేయండి.

చూసుకునేవాళ్ళు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

తొడుగులు వేసుకున్నా, తీశాక చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు కడగాలి. మలం అంటిన బట్టలు విడిగా, ముందు మలం వదిలించి, బట్ట తట్టుకునేంత వేడినీళ్ళలో ఉతకండి. గట్టి ఉపరితలాలని ముందు సబ్బుతో కడిగి, నీళ్ళతో పూర్తిగా తుడిచాక, 5 శాతం బ్లీచ్ ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచండి. కిటికీ తెరిచి చేయండి, కలిపినది ఆ రోజే వాడేయండి. తడి వైప్స్ కమోడ్‌లో వేయకండి, పైపు అడ్డుపడుతుంది.

నడుము వంచి ఎత్తవద్దు. మంచాన్ని మీ నడుము ఎత్తుకి తెచ్చుకోండి, కింద జారే షీటు వేసి ఇద్దరు కలిసి తిప్పండి. రోజుకి ఎన్నోసార్లు చేయాల్సిన పని ఇది. ఒక్కరి మీదే పడుతుంటే రాత్రి వంతుకో ఉదయం స్నానానికో ఇంకో మనిషిని ఇప్పుడే కుదుర్చుకోండి, నడుము పట్టేశాక కాదు.